రోమా ఎందుకు పేల్చలేదు?

స్టైల్‌కూ తెలివికీ పొత్తు కుదిరిన 'డాన్ 2' ఇప్పటికీ మన యాక్షన్ సీక్వెల్స్‌కు ఒక కొలబద్ద. దాని అసలు లోటు ఎక్కడుందో జంషెడ్‌పూర్‌లో పుట్టిన నాయిక ప్రయాణం చెబుతుంది

జంషెడ్‌పూర్ నుంచి దేశానికి ఉక్కు వెళ్తుందన్నది పాత సంగతి. కొంతకాలంగా ఆ ఊరు తెరకు గూఢచారులను కూడా సరఫరా చేస్తోంది. 2025 డిసెంబర్ 5న విడుదలై ప్రపంచవ్యాప్తంగా 1,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసిన 'ధురంధర్'లో, కరాచీ ముఠాల్లోకి మనిషిని పంపే భారత నిఘా అధిపతి పాత్ర వేసిన ఆర్. మాధవన్ 1970లో పుట్టింది అక్కడే. 'డాన్'లో పగ తీర్చుకోవడానికి ముఠాలో చేరి, 'డాన్ 2'లో ఇంటర్‌పోల్ అధికారిణిగా తిరిగొచ్చిన ప్రియాంకా చోప్రా 1982లో పుట్టిందీ అక్కడే. ఆమె బాల్యం బరేలీ, లఖ్‌నవూ, లద్దాఖ్‌ల మధ్య గడిచింది కాబట్టి బరేలీ వాళ్లూ ఆమెను తమ ఆడపడుచే అంటారు. సైనిక వైద్యుల బిడ్డకు సొంతూరు ఒకటే ఉండాలనడం అన్యాయమే. అయినా పుట్టిన ఊరి హక్కును జంషెడ్‌పూర్ వదులుకోదు.

ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ ఊరి తీరు చూస్తే మరీ అంత యాదృచ్ఛికం అనిపించదు. 1907లో టాటాల ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు తీసే నాటికి అది హో, సంథాల్ ఆదివాసీల పల్లెల మధ్య వెలిసిన కార్మికుల బస్తీ. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చి గ్రామానికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. కొలిమి చుట్టూ బెంగాలీలు, ఒడియాలు, పంజాబీలు, తమిళులు, బిహారీలు చేరారు. తెలుగువాళ్లూ చేరారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. బిష్టుపుర్‌లోని రామమందిరం వారి కూడలి. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి, బజారులో ఇంకొకటి మాట్లాడుతూ పెరగడం అక్కడి పిల్లలకు మామూలే. పరాయి భాషలో సొంతవాడిలా చెలామణి కావడం గూఢచారికి మొదటి పాఠమైతే, జంషెడ్‌పూర్ పిల్లలకు అది ఓనమాలతోపాటే వస్తుంది. తమిళ కుటుంబంలో పుట్టిన మాధవన్ హిందీలో ఎక్కడా తడబడకపోవడం వెనకున్నదీ అదే. దర్శకుడు ఇంతియాజ్ అలీ కూడా ఆ ఊరివారే. బంధువుల కరీం టాకీస్ పక్కనే పెరిగిన ఆయన గూఢచారుల జోలికి వెళ్లలేదు కానీ, ఆయన పాత్రలు కూడా తామెవరో దాచుకునే తిరుగుతుంటాయి.

ఈ ఊరి నుంచి వెళ్లిన ఇద్దరిలో ప్రియాంక కథే ఎక్కువ ఆసక్తికరం. హిందీలో ఆమె తొలి చిత్రం 2003లో వచ్చిన 'ది హీరో: లవ్ స్టోరీ ఆఫ్ ఎ స్పై'. పేరులోనే గూఢచారి ఉన్నా, ఆ గూఢచారి సన్నీ డియోల్. ఆమెది పక్కన నిలబడే పాత్ర. తర్వాత ఎనిమిదేళ్లకు వచ్చిన 'డాన్ 2' నాటికి ఆమె చేతికి తుపాకి వచ్చింది. కాల్చే సమయం కూడా వచ్చింది. ఆ తుపాకి పేలకపోవడంలోనే మన యాక్షన్ సీక్వెల్స్ బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి.

బలం సంగతి ముందు చూద్దాం. ఎందుకంటే 'డాన్ 2' మీద ప్రేక్షకుడికున్న మోజు ఊరికే పుట్టింది కాదు. 2011 డిసెంబర్ 23న హిందీతోపాటు తెలుగు, తమిళ అనువాదాల్లోనూ విడుదలైన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా సుమారు 200 కోట్లు వసూలు చేసింది. సాంకేతికంగా అది గూఢచారి కథ కాదు. డాన్ ఏ ప్రభుత్వానికీ పనిచేయడు. కానీ ముఖాలు మార్చే మాస్కులు, స్విస్ లాకర్ తాళాలు, బ్యాంకు భవనం నక్షా, పరాయి నగరంలో పరుగులు... గూఢచారి సినిమా సరంజామా అంతా అందులో ఉంది. దేశభక్తి ఒక్కటే లేదు. అది లేకపోవడం వల్ల కథకు చాలా బరువు తగ్గింది కూడా.

దర్శకుడు ఫర్హాన్ అఖ్తర్ ముందున్న సమస్య చిన్నది కాదు. 2006 నాటి 'డాన్' నడిచిందే ఒక మలుపు మీద. చనిపోయాడనుకున్న డాన్ బతికే ఉన్నాడనీ, అతని స్థానంలోకి వెళ్లిన అమాయకుడే పోయాడనీ చివరి నిమిషాల్లో తెలుస్తుంది. 1978లో అమితాబ్ బచ్చన్ 'డాన్' చూసి ముగింపు తెలుసనుకుని కూర్చున్న ప్రేక్షకుడిని అది బోల్తా కొట్టించింది. అదే గారడీ రెండోసారి చేస్తే పారదు. ఇతగాడు అబద్ధాలకోరని ఇప్పుడు అందరికీ తెలుసు.

ఫర్హాన్ ఆ తెలిసిన విషయాన్నే పెట్టుబడిగా పెట్టారు. మొదటి భాగంలో 'ఎవరు' అన్నది దాచారు. రెండో భాగంలో 'ఎందుకు' అన్నది దాచారు. ఆసియా మాదకద్రవ్యాల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న డాన్ ఉన్నట్టుండి మలేసియాలో ఇంటర్‌పోల్‌కు లొంగిపోతాడు. స్వేచ్ఛగా తిరిగేవాడు జైలుకెందుకు వెళ్లాడు? జూరిచ్ లాకర్‌కు సంబంధించిన రహస్యంలో సగం తెలిసిన పాత శత్రువు వర్ధన్ (బోమన్ ఇరానీ) ఆ జైల్లోనే ఉన్నాడు కాబట్టి. ఈ జవాబు ఏ పాత్రా పనిగట్టుకుని విడమరిచి చెప్పదు. ఒకటి తర్వాత ఒకటి జరుగుతుంటే ప్రేక్షకుడే లెక్క కట్టుకుంటాడు. చివర్లో ఆ లెక్క కూడా తప్పని తేలుతుంది. జట్టులోని వాడి ద్రోహం కూడా పథకంలో భాగమే. తనను తెలివైనవాడిగా లెక్కించిన సినిమాను ప్రేక్షకుడు మరచిపోడు. మోసపోయినందుకు కోపం రాదు, మళ్లీ చూడాలనిపిస్తుంది.

స్టైల్ అన్న మాటను మన దగ్గర చవక చేసేశారు. కళ్లద్దాలు, నెమ్మదిగా నడక, వెనక పేలుడు ఉంటే చాలంటారు. 'డాన్ 2'లో అవీ లేకపోలేదు. కానీ జేసన్ వెస్ట్ కెమెరా బెర్లిన్‌ను పర్యాటకుడి ఆల్బంలా కాక, చలికాలపు బూడిద రంగులో చూపింది. పాటలు కథకు అడ్డం పడవు. సంగీత త్రయం శంకర్-ఎహసాన్-లాయ్ పాత 'డాన్' నాటి వాసన పోనివ్వకుండానే కొత్త చప్పుడు కట్టారు. బ్యాంకు పెద్దల విందులోకి డాన్ హృతిక్ రోషన్ ముఖంతో ప్రవేశించడం అన్నిటికంటే కొంటె ఆలోచన. హాలీవుడ్‌లో మాస్కు వేస్తే మనిషి గుర్తుపట్టరాకుండా పోతాడు. హిందీ సినిమాలో మాస్కు వేస్తే ఇంకో సూపర్‌స్టార్ అవుతాడు! ఆ హాస్యం తెలిసే చేసింది కాబట్టి చెల్లింది.

బెర్లిన్ ఎంపికకు కళ ఒక్కటే కారణం కాదు. జర్మనీ సమాఖ్య చలనచిత్ర నిధి, బెర్లిన్-బ్రాండెన్‌బర్గ్ ప్రాంతీయ నిధి ఆ చిత్రానికి ఆర్థిక సాయం చేశాయి. 2012 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలోనూ దాన్ని ప్రదర్శించారు. అయితే ప్రచ్ఛన్న యుద్ధ కాలం నుంచీ గూఢచారి కథలకు కాశీ లాంటి ఆ నగరంలో మరో రెండో భాగం అప్పటికే తన గుర్తు వేసి వెళ్లింది. 2004లో పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన 'ది బోర్న్ సుప్రిమసీ'. 2002 నాటి 'ది బోర్న్ ఐడెంటిటీ'కి కొనసాగింపు. అందులో గతం మరచిన గూఢచారి జేసన్ బోర్న్ (మాట్ డేమన్) ప్రత్యర్థులకు చిక్కకుండా అలెగ్జాండర్‌ప్లాట్జ్ జనసమ్మర్దంలో కలిసిపోతాడు. అదే అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లోని ఎత్తైన హోటల్ మీది నుంచి షారుక్ ఖాన్ తాడు కట్టుకుని దూకారు.

రెండు సినిమాలకూ మరో పోలిక ఉంది. రెండింటిలోనూ వేటాడేది స్త్రీయే. 'బోర్న్'లో సీఐఏ అధికారిణి పమేలా లాండీ (జోన్ ఆలెన్). 'డాన్ 2'లో రోమా. ఇక్కడే దారులు వేరయ్యాయి. లాండీ మొదట బోర్న్‌ను హంతకుడనుకుంటుంది. సాక్ష్యాలు ఒక్కొక్కటే చేతికొచ్చే కొద్దీ తన సంస్థ లోపలే కుళ్లుందని గ్రహిస్తుంది, అభిప్రాయం మార్చుకుంటుంది. ఆమె మారడానికి కారణం బుద్ధి. రోమాకు మొదట ఇచ్చింది అంతకంటే బలమైన కారణం. అన్నను చంపినవాడు, తాను ప్రేమించిన మనిషి ముఖం వేసుకుని తనను మోసగించినవాడు ఎదురుగా ఉన్నాడు. వాడిని పట్టుకోవడానికే ఆమె ఇంటర్‌పోల్‌లో చేరింది. తీరా తుపాకి చేతిలో ఉండి, డాన్ గురిలో ఉన్న క్షణంలో వేలు కదలదు. ఎందుకు? ఆమె కళ్లలో ఏదో మెరిసింది కాబట్టి. అది ప్రేమేనని సినిమా సూచిస్తుంది. అంతకు మించి ఏమీ చెప్పదు.

రెండున్నర గంటల్లో ప్రతి 'ఎందుకు'కూ కచ్చితమైన జవాబు అమర్చిన చిత్రం, ఒక్క రోమా విషయంలోనే చేతులెత్తేసింది. ఇది రచయితలకు తట్టక జరిగిందనుకోలేం. ఆమె పేలిస్తే మూడో భాగం లేదు. సీక్వెల్ అనేది టైటిల్‌లో ఎవరి పేరుంటే వారి ఆస్తి. అందులో హీరోకు చావు లేదు, వేటగత్తెకు విజయం లేదు. 2023 ఆగస్టులో 'డాన్ 3'ను ప్రకటించినప్పుడు షారుక్ స్థానంలో రణ్‌వీర్ సింగ్ పేరు చెప్పారు. డాన్ ముఖం మారినా పేరు మిగిలింది. రోమా ఏమైందని అప్పుడు అడిగినవాళ్లు తక్కువ.

తెలుగు ప్రేక్షకుడికి ఈ రోమా ఏనాటి నుంచో తెలుసు. 1978 'డాన్'లో జీనత్ అమన్ వేసిన పాత్రను మరుసటేడు 'యుగంధర్'లో ఎన్టీఆర్ సరసన జయసుధ వేశారు. ప్రభాస్ 'బిల్లా' (2009)లో అది అనుష్కకు దక్కింది. 'యుగంధర్' దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1970లో, విజయలలితతో 'రౌడీ రాణి' తీశారు. గుర్రమెక్కి తుపాకి పట్టి పగ తీర్చుకునే నాయిక కథ అది. దాన్ని ఆయనే విజయలలితతోనే హిందీకి కూడా తీసుకెళ్లారు. ఆడది గురి చూసి కాల్చితే తెలుగు నేల టికెట్ ప్రేక్షకుడు ఈల వేశాడే తప్ప ఇబ్బంది పడలేదు. ఆ సంగతి తెలిసిన దర్శకుడే 'యుగంధర్' దగ్గరికి వచ్చేసరికి కథను హీరో చేతిలో పెట్టక తప్పలేదు. అడ్డొచ్చింది ప్రేక్షకుడి అభిరుచి కాదు, స్టార్ సినిమా లెక్క.

అసలు సీక్వెల్స్ విషయంలో తెలుగువాళ్లు చేజార్చుకున్న అవకాశం ఇంకొకటి ఉంది. 1966లో కృష్ణ హీరోగా, జయలలిత నాయికగా వచ్చిన 'గూఢచారి 116' ఆయనను ఆంధ్రా జేమ్స్‌బాండ్‌ను చేసింది. దానికి ఛాయాగ్రాహకుడైన రవికాంత్ నగాయిచ్ మరుసటేడు అదే కథను జితేంద్రతో 'ఫర్జ్'గా తీసి హిందీలో దర్శకుడయ్యారు. అంతటితో ఆగలేదు. ఏజెంట్ 116ను ధర్మేంద్రతో 'కీమత్' (1973)లోనూ, మళ్లీ జితేంద్రతో 'రక్షా' (1982)లోనూ తిరిగి రప్పించారు. అంటే తెలుగులో పుట్టిన గూఢచారికి కొనసాగింపులు హిందీలో వచ్చాయి. ఇక్కడ కృష్ణ 'జేమ్స్‌బాండ్ 777', 'ఏజెంట్ గోపి' అంటూ కొత్త నంబర్లతో, కొత్త పేర్లతో ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 2018లో అడివి శేష్ రాసి నటించిన 'గూఢచారి' పాత పేరుకు ప్రాణం పోసింది. దర్శకుడు శశికిరణ్ తిక్క పెద్ద బడ్జెట్ లేకుండానే కథనంతో మెప్పించారు. దానికి సీక్వెల్ కూడా ప్రకటించారు.

ఈలోగా హిందీలో సీక్వెల్ అంటే అర్థం మారిపోయింది. 'ఏక్ థా టైగర్' (2012)తో మొదలైన యశ్‌రాజ్ సంస్థ గూఢచారి పరంపర ఒకరి సినిమాలోకి మరొకరు తొంగిచూసే ఉమ్మడి కుటుంబమైంది. 2025 ఆగస్టు 14న జూనియర్ ఎన్టీఆర్, హృతిక్ రోషన్‌లతో వచ్చిన 'వార్ 2' కోసం తెలుగునాట చూసిన ఎదురుచూపు అంతా ఇంతా కాదు. తీరా చూస్తే ఓడలు, రైళ్లు, విమానాలు, మంచుకొండలు... అన్నీ ఉన్నాయి. 'డాన్ 2' దాచినట్టు దాచిన 'ఎందుకు' ఒక్కటీ లేదు. మొదటి భాగం కంటే పెద్దదిగా తీయడానికి డబ్బు చాలు. తెలివిగా తీయడానికి మొదటి భాగం చూసినవాడికి ఏం తెలుసో లెక్క వేయాలి. 'వార్ 2' వసూళ్లు అంచనాలను అందుకోలేదు. హంగు చూపిస్తే చాలన్న ధీమాకు ప్రేక్షకుడు చెప్పిన జవాబు అది.

'ధురంధర్' అటువైపు పోకుండా మూడున్నర గంటల నిడివిని నమ్ముకుంది. దర్శకుడు ఆదిత్య ధర్ మొదటి భాగం చివరే రెండో భాగం తేదీని 2026 మార్చి 19గా చూపించారు. మాధవన్ పాత్రకు తుపాకి పట్టే పని పెద్దగా లేదు. బట్టతల, కళ్లజోడు, తగ్గుస్వరం. అయినా కథ కీలు అతని దగ్గరే ఉంది. 1994లో గూఢచర్యం కేసులో అన్యాయంగా ఇరుక్కున్న ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ జీవితంపై 'రాకెట్రీ' (2022) తీసి నటించిన మాధవన్, గూఢచారి అన్న ముద్ర మనిషిని ఏం చేస్తుందో ముందే చూపించారు. మూడేళ్లకే గూఢచారులను నడిపే కుర్చీలో కూర్చున్నారు. అంతటి 'ధురంధర్'లోనూ స్త్రీ పాత్రలకు దక్కిన చోటు స్వల్పమే.

మరి రోమా? ఆ పాత్రను వేసిన నటి జవాబు వెతుక్కుంటూ దేశం దాటారు. 2013లో రామ్‌చరణ్‌తో 'తుఫాన్' చేసిన రెండేళ్లకు అమెరికా టీవీలో 'క్వాంటికో' మొదలైంది. అందులో ఎఫ్‌బీఐలో చేరే అలెక్స్ పాత్ర ఆమెది. కథ ఆమె చుట్టూనే తిరిగింది. హిందీ పరిశ్రమలో తనను మూలకు నెట్టారనీ, అందుకే బయటికి వెళ్లాననీ 2023లో ఆమె బాహాటంగా చెప్పారు. అదే ఏడాది వచ్చిన భారీ గూఢచారి సిరీస్ 'సిటాడెల్'లో రిచర్డ్ మాడెన్‌తో సమానమైన పాత్ర దక్కింది. 22 ఏళ్ల వృత్తి జీవితంలో సహ నటుడితో సమాన పారితోషికం అందుకోవడం అదే తొలిసారని కూడా ఆమె చెప్పారు. 2000లో ప్రపంచ సుందరి అయి, హిందీలో అగ్రతారగా వెలిగిన నటి మాట ఇది. తుపాకి ఎందుకు పేలలేదన్న ప్రశ్నకు తెర మీద దొరకని జవాబు కొంత ఈ జీతాల చిట్టాలో దొరుకుతుంది.

'సిటాడెల్'కు భారతీయ పూర్వకథగా 2024 నవంబర్‌లో వచ్చిన 'హనీ బనీ'ని తీసింది ఇద్దరు తెలుగువాళ్లు: తిరుపతికి చెందిన రాజ్ నిడిమోరు, చిత్తూరుకు చెందిన కృష్ణ డి.కె. 'ది ఫ్యామిలీ మ్యాన్' (2019)తో, దాని 2021 నాటి రెండో సీజన్‌తో ఇంటి ఈఎంఐలకూ దేశ భద్రతకూ మధ్య నలిగే గూఢచారిని సృష్టించిన జంట. ఆ రెండో సీజన్‌లో సమంత పోషించిన రాజీ పాత్ర తూటా పేల్చడానికి ఎవరి కళ్లలోకీ చూసి ఆగలేదు. 'హనీ బనీ'లో అదే సమంత హనీ అయ్యారు. హనీ కూతురి పేరు నాదియా. ఆ నాదియా పెద్దయ్యాక 'సిటాడెల్'లో కనిపించే ప్రియాంక. తెలుగు తెర మీద ఎదిగిన సమంత తల్లి, జంషెడ్‌పూర్‌లో పుట్టిన ప్రియాంక కూతురు. కథ ప్రకారం గురి చూడటం నేర్పింది తల్లే.

హిందీ సినిమా కూడా కదలక తప్పడం లేదు. 'బేబీ' (2015)లో కొద్ది నిమిషాలే కనిపించిన తాప్సీ పాత్రకు వచ్చిన స్పందన చూసి, రెండేళ్లకు ఆ పాత్ర పేరుతోనే 'నామ్ షబానా' తీశారు. యశ్‌రాజ్ పరంపరలో ఆలియా భట్, శర్వరి ప్రధాన పాత్రల్లో 'ఆల్ఫా'ను 2024లో ప్రకటించారు. అంటే టైటిల్ ఎవరిదన్న పేచీ మెల్లగానైనా మొదలైంది.

ప్రియాంక తిరిగొచ్చింది మాత్రం ముంబైకి కాదు, హైదరాబాద్‌కు. రాజమౌళి 'వారణాసి'లో ఆమె మందాకిని. హీరో మహేశ్‌బాబు, అంటే గూఢచారి 116 కుమారుడు. 2025 నవంబర్‌లో విడుదల చేసిన ఆమె తొలి పోస్టర్‌లో పసుపు చీర కట్టి, కొండ అంచున గాల్లోకి లేచి, తుపాకి గురిపెట్టి ఉన్నారు.